బొటనవ్రేలి బుడిపెకు శస్త్రచికిత్స : ఇంటి యేర్పాటులు, గ్రామ బాధ్యత

గ్రామ జీవనము పాదములమీద నడచుచున్నది. నాగలి పట్టువాడును, నాట్లు వేయు స్త్రీయు, మేకలను కాయు బాలుడును, బిందెతో నీరు తెచ్చు గృహిణియు దినమంతయు నిలిచియో నడచియో పనిచేయువారే. చేతికి దెబ్బ తగిలినచో రెండవ చేతితో కొంత పని జరుపవచ్చును. కాలు నిలిచిపోయినచో పనియే నిలిచిపోవును. అయినను మనము కన్నునకు, పంటికి చూపు శ్రద్ధను పాదమునకు చూపుట లేదు. అందువలన ఈ నెల పాదమునకు సంబంధించిన ఒక బాధనుగూర్చియు, దానికి చేయు శస్త్రచికిత్సకు ముందు వెనుకల తీసికొనవలసిన జాగ్రత్తలనుగూర్చియు పంచాయతీ సభ్యులకు తెలుప దలచినాము.

బుడిపె యననేమి?

రెండు పాదములను చేర్చి నిలిచినపుడు ఒకదానినొకటి తాకు అంచున, బొటనవ్రేలి మొదట, కొందరికి ఒక బుడిపె పొడుచుకొని వచ్చును. బొటనవ్రేలు క్రమక్రమముగా రెండవ వ్రేలివైపునకు వాలును. ముదిరినచో దాని క్రిందికిగాని మీదికిగాని చేరును. చెప్పు రాచుకొన్నపుడు ఆ బుడిపె యెఱ్ఱబడి, వాచి, నొప్పిపెట్టును. ఆంగ్ల వైద్యమున దీనిని 'బనియన్' అందురు. మనవారు తొడుగుకొను బనీనుతో దీనికి ఎట్టి సంబంధమును లేదు.

చూచువారికి అచట క్రొత్త ఎముక మొలచినట్లు తోచును. నిజమునకు అది క్రొత్త ఎముక కాదు. బొటనవ్రేలికి వెనుక పాదములోనున్న పొడుగు ఎముక ఒక ప్రక్కకు, వ్రేలు మరియొక ప్రక్కకు ఒరుగుటచేత, ఆ రెండును కలియు కీలు మడచిన మోచేయివలె బయటికి వచ్చును. కావున బుడిపెను అరుగదీసినంత మాత్రమున వ్యాధి పోదు. ఒరిగిన ఎముకను తిరిగి వరుసలో పెట్టవలెను. ఈ సంగతి గ్రహించినవారికి శస్త్రచికిత్స పిదప అన్ని వారముల విశ్రాంతి యెందులకో తెలియగలదు. కోసి కూర్చిన ఎముక, విరిగిన ఎముకవలెనే, అతుకుకొనుటకు కాలము పట్టును.

ఈ బాధ కొన్ని కుటుంబములలో తల్లినుండి బిడ్డకు వచ్చుచుండును. పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. కీళ్ళవాతము గలవారికిని, కీళ్ళ బంధములు వదులుగా నుండువారికిని రావచ్చును. ఇరుకైన పాదరక్షలు దీనిని పెంచును. 1958లో హాంగ్‌కాంగులో ఇరువురు వైద్యులు చీనీయుల పాదములను పరిశీలించి ప్రకటించిన వ్యాసమున, పాదరక్షలు ధరించువారిలో నూటికి 33 మందికి బొటనవ్రేలు ఎంతోకొంత వాలియుండగా, ధరింపనివారిలో నూటికి ఇద్దరికంటె తక్కువ మందికే అట్లున్నదని తేలినది. దీనినిబట్టి చెప్పులు మానవలెనని తలపరాదు. ముల్లు, గాజుపెంకు, కొంకిపురుగు మొదలగువానినుండి కాపాడునది చెప్పే. ముందుభాగము వెడల్పుగా నుండి, వ్రేళ్ళు విప్పారుటకు చోటు గల చెప్పును ఎన్నుకొనవలెనని మాత్రమే దీని తాత్పర్యము. బడిపిల్లలకు పాదరక్షలు కొనునపుడును ఈ విషయమును మరువరాదు.

శస్త్రచికిత్స ఎవరికి?

బుడిపె యున్న ప్రతివారికిని శస్త్రచికిత్స అవసరము లేదు. నొప్పి లేనిచో దాని జోలికి పోనక్కరలేదు. అందముకొరకు పాదమును కోయించుకొనుట తగదు. మొదట వెడల్పైన చెప్పులు వాడుట, వ్రేళ్ళ నడుమ మెత్త పెట్టుట, వైద్యుని సలహాపై నొప్పి తగ్గించు మందు పుచ్చుకొనుట మంచిది. ఇవి ఎముకను సరిచేయలేవు గాని, పెక్కుమందికి బాధను తగ్గించి, దినచర్య సాగునట్లు చేయును. ఇన్ని చేసినను నడక కష్టమై, పని సాగనివారికే శస్త్రచికిత్స. ఫిన్లాండు దేశమున 209 మంది రోగులను మూడు వర్గములుగా చేసి పరీక్షించి 2001లో ఫలితములను ప్రకటించిరి. ఏడాది గడచుసరికి శస్త్రచికిత్స పొందినవారికి, పాదరక్షలో ఆధారపు అట్ట వాడినవారికంటెను, ఏ చికిత్సయు లేక వేచియున్నవారికంటెను నొప్పి తగ్గినట్లు కనబడినది.

కొన్ని సందర్భములలో మిక్కిలి జాగరూకత వలయును. ఒక రాత్రిలో బొటనవ్రేలి కీలు ఎఱ్ఱగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేనంత నొప్పి కలిగినచో అది ఈ బుడిపె కాక, గౌటు అను వాతవ్యాధి కావచ్చును. దానికి మందులు వేరు. మధుమేహముచేతగాని కుష్ఠువ్యాధిచేతగాని పాదమున స్పర్శ తగ్గినవారు, కాళ్ళకు రక్తప్రసారము సరిగా లేనివారు ముందుగా ఆ సంగతిని వైద్యునకు చెప్పి పరీక్ష చేయించుకొనవలెను. అట్టి పాదమున గాయము మానుట కష్టము. ఎముకలు ఇంకను ఎదుగుచున్న పిల్లలకు సాధారణముగా ఈ శస్త్రచికిత్సను వాయిదా వేయుదురు. బుడిపెమీద వాతలు పెట్టుట, బ్లేడుతో చెక్కుట, పసరు కట్టుట ఎవ్వరికిని పనికిరాదు. వానివలన ఎముక సరికాదు. పైగా పుండు పడును.

వైద్యుని అడుగవలసిన రెండు ప్రశ్నలు

ఈ శస్త్రచికిత్సకు నూటికి మించిన పద్ధతులు వైద్యగ్రంథములలో వర్ణింపబడినవి. వంపు స్వల్పమైనచో వ్రేలికి దగ్గరగా ఎముకను కోసి, ప్రక్కకు జరిపి, చిన్న మరమేకుతో బిగింతురు. వంపు హెచ్చైనచో ఎముక మొదటి కీలునే కదలకుండ అతికించు పద్ధతియు కలదు. దీనిని ప్రచారమునకు తెచ్చిన లాపిడస్ అను వైద్యుని వ్యాసము 1934లో వెలువడినది. నడుము క్రింది భాగమునకుగాని పాదమునకు మాత్రమేగాని తిమ్మిరి మందు ఇచ్చి చేయుట సాధారణము. పని ఇంచుమించు ఒక గంటలో ముగియును. పలువురు అదే దినమున లేక మరునాడు ఇంటికి పోవుదురు.

రోగియు, బంధువులును వైద్యుని తప్పక అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఏ పద్ధతిని అవలంబింతురు? కాలిమీద బరువు ఎప్పుడు మోపవచ్చును? మొదటి పద్ధతిలో గట్టి అడుగు గల ప్రత్యేకపు చెప్పు తొడిగి, మడమమీద బరువు పెట్టి, కొలది దినములలోనే నాలుగడుగులు వేయనిత్తురు. రెండవ పద్ధతిలో కొన్ని వారములపాటు ఆ కాలు నేలకు మోపరాదని చెప్పవచ్చును. ఇంట చేయవలసిన ఏర్పాటులన్నియు ఈ సమాధానముపై ఆధారపడియుండును. రెండు పాదములకును బుడిపెలున్నచో ఒకదాని తరువాత ఒకటి చేయించుకొనుటయే గ్రామవాసులకు అనుకూలము. రెండును ఒకేసారి యైనచో నిలుచుటకు ఆధారము లేకపోవును.

ముహూర్తము పంటనుబట్టి

పట్టణవాసి తన సెలవునుబట్టి తేదీని నిర్ణయించుకొనును. రైతు కుటుంబము పంటల లెక్కనుబట్టి నిర్ణయించుకొనవలెను. గాయము మాని, ఎముక అతుకుకొని, వాపు తగ్గి, బురదలో దిగి పనిచేయుటకు మూడు నాలుగు నెలలైనను పట్టునని తలపవలెను. కావున నాట్లు పడు మాసమునుండి నాలుగు నెలలు వెనుకకు లెక్కింపుడు. జూలై, ఆగస్టు నెలలలో వరినాట్లు వేసి, ఒకే పంట పండించు గ్రామములలో సంక్రాంతికిని ఉగాదికిని నడుమనున్న కాలము మిక్కిలి అనుకూలము. కోతలు ముగిసియుండును, నేల పొడిగా నుండును, తరువాతి నాట్లకు వ్యవధి యుండును.

గోదావరి, కృష్ణా డెల్టాలలో దాళ్వా, తెలంగాణమున యాసంగి వరి పండించు గ్రామములలో ఇంత వ్యవధి దొరకదు. అట్టిచోట ఒక పంటకాలపు పనిని మరియొకరు చూచుటకు ముందుగానే ఒప్పందము చేసికొనవలెను. ఒకరి చేలో ఒకరు మారుపని చేయు వాడుక మన గ్రామములకు క్రొత్త కాదు. రోగి లేచిన పిదప ఆ పనిని తీర్చుకొనవచ్చును. ఈ యేర్పాటు లేనిచో జరుగునదేమనగా, నాట్ల దినములు రాగానే ఇల్లాలు కట్టువిప్పి చేలో దిగును. అతుకుకొనని ఎముక జరుగును, గాయములోనికి బురద చేరును, చేసిన చికిత్స వ్యర్థమగును.

శరీరమును సిద్ధపరచుట

పొగాకు ఎముక అతుకుటకును, గాయము మానుటకును పెద్ద ఆటంకము. శస్త్రచికిత్సకు కనీసము నాలుగు వారముల ముందు చుట్ట, బీడి, సిగరెట్టు మానవలెను. ఎముక అతుకువరకు మరల ముట్టరాదు. ఉత్తర కోస్తా జిల్లాలలో కొందరు స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డచుట్టకును ఈ నియమము వర్తించును. తమ అలవాటును సిగ్గుచే దాచక వైద్యునకు తెలుపవలెను.

మధుమేహము, రక్తపోటు, రక్తహీనత ఉన్నవో లేవో పరీక్ష చేయించి, ఉన్నచో ముందుగా అదుపులోనికి తెచ్చుకొనవలెను. ఈ పరీక్షలకు సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవచ్చును. రక్తము పలుచబడుటకు వాడు మాత్రలను, నాటు మందులను, కషాయములను గూర్చి వైద్యునితో చెప్పవలెను. ఏ మందు ఆపవలెనో, ఏది కొనసాగింపవలెనో ఆయనయే నిర్ణయించును. రోగి తనంతట తాను మానరాదు.

పాదముల చర్మము శుభ్రముగా నుండవలెను. బురదలో నానుటచే వ్రేళ్ళ సందులు పాసి పుండ్లు పడినచో, మడమల పగుళ్ళలో చీము చేరినచో, అవి మానినదాక తేదీని వాయిదా వేయించుకొనుట మేలు. స్త్రీలు మెట్టెలను, కడియములను, పట్టీలను ఇంటివద్దనే తీసి భద్రపరుపవలెను. మెట్టెలు తీయుట అశుభమని కొందరు జంకుదురు. పాదము వాచినపుడు మెట్టె బిగుసుకొని వ్రేలికి రక్తము అందకుండ చేయును. ఆసుపత్రిలో కోసి తీయుటకంటె ముందుగా తీయుటయే మేలుగదా! వాపు పూర్తిగా తగ్గి, వైద్యుడు సరేయన్న పిదప మరల ధరింపవచ్చును. పాదములకు పసుపు, పారాణి, గోళ్ళకు రంగు ఉండరాదు. వ్రేళ్ళ అసలు రంగునుబట్టియే రక్తప్రసారమును వైద్యులు కనిపెట్టుదురు.

మత్తు ఇచ్చుటకు ముందు సాధారణముగా ఆరు గంటలు ఆహారమును, రెండు గంటలు నీటిని కూడ మానవలసియుండును. ఆసుపత్రివారు చెప్పిన వేళను తూచా తప్పక పాటింపవలెను. నీరసించునని జాలిపడి బంధువులు దొంగచాటుగా పాలు పట్టించుట ప్రాణాపాయకరము.

ఇంటిని సిద్ధపరచుట

శస్త్రచికిత్స ఆసుపత్రిలో ఒక గంట. కోలుకొనుట ఇంటిలో ఎన్నో వారములు. కావున ఆసుపత్రికి పయనమగుటకు ముందే ఇంటిని సిద్ధము చేయవలెను. మన ఇండ్లలో అన్ని పనులును నేలమీదనే జరుగును. గొంతుకూర్చున్నపుడు బొటనవ్రేలి మొదలు బాగుగా వంగి, బరువంతయు దానిమీద పడును. శస్త్రచికిత్స జరిగిన పాదమునకు ఇది కూడదు. అందుచే మరుగుదొడ్డిలో పెట్టుకొనుటకు నడుమ రంధ్రము గల కుర్చీ అత్యవసరము. స్నానమునకు ఎత్తైన పీట, వంటకు బల్లమీద పొయ్యి, పడుకొనుటకు మంచము, కాలి క్రింద పెట్టుకొనుటకు రెండు దిండ్లు ఉండవలెను.

గడపలు, మెట్లు, తడి నేల, జారు నాపరాళ్ళు రోగికి శత్రువులు. దారిలోనున్న సామానులను తొలగింపుడు. రాత్రి దీపము అందుబాటులో నుంచుడు. చేతికఱ్ఱలుగాని నాలుగు కాళ్ళ ఊతగాని ముందే తెచ్చి, శస్త్రచికిత్సకు పూర్వమే వానితో నడచుట అభ్యసింపవలెను. నొప్పితో నున్నపుడు క్రొత్త విద్య నేర్చుట కష్టము. నీరు తెచ్చుట, పశువులకు మేత వేయుట, పిల్లలను బడికి పంపుట ఎవరు చేయుదురో పేరుపేరున నిర్ణయించుకొనవలెను.

మొదటి రెండు వారములు

ఆసుపత్రినుండి మోటారుసైకిలుపై కాలు వ్రేలాడదీసికొని రారాదు. ఆటోలోగాని కారులోగాని కాలు చాపుకొని రావలెను. ఇల్లు చేరిన పిదప మొదటి వారమున రోగి మేలుకొనియున్న కాలములో అధికభాగము కాలిని గుండెకంటె ఎత్తుగా నుంచవలెను. వాపు తగ్గుటకును, నొప్పి తగ్గుటకును ఇంతకు మించిన మందు లేదు. మందులను వేళకు వాడవలెను. నొప్పి లేదుగదాయని సూక్ష్మజీవులను చంపు మందులను నడుమ మానరాదు. వైద్యుడు అనుమతించిన మేరకు మోకాలిని, చీలమండను కదల్చుచుండవలెను.

కట్టు తడియరాదు, మాసిపోరాదు. స్నానమునకు పాదమును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బయట చాపి ఉంచవలెను. కట్టును ఇంట విప్పరాదు. గాయమున పసుపు, పొగాకుపొడి, పేడ, నూనె పెట్టరాదు. కట్టు కట్టిన తీరును కూడ వైద్యుడు ఆలోచించియే చేయును. వ్రేలిని సరియైన స్థానమున పట్టియుంచునది ఆ కట్టే. సాధారణముగా 10 మొదలు 14 దినములలో కుట్లు విప్పుదురు. పథ్యము పేరిట పప్పు, గ్రుడ్డు, పాలు మాన్పించుట పొరపాటు. గాయము మానుటకు మాంసకృత్తులు గల ఆహారము వలయును.

ఆరు వారములు, ఆ పిదప

కుట్లు విప్పగానే పని ముగిసినదని తలచువారు పెక్కురు. ఇదియే అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టము. పైన చర్మము మానినను లోపల ఎముక అతుకుకొనుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. అంతవరకు ప్రత్యేకపు చెప్పు లేకుండ ఇంటిలోనైనను నడువరాదు. ఆరు వారములకు ఎక్స్‌రే తీయించి, అతుకు గట్టిపడినదని తేలిన తరువాతనే మామూలు చెప్పు తొడుగవలెను. అదియు వెడల్పైనదిగా నుండవలెను. వ్రేలు బిగుసుకొనకుండ వైద్యుడు నేర్పిన విధమున, చెప్పిన దినమునుండి వంచి చాచు వ్యాయామము చేయవలెను. ట్రాక్టరు, మోటారుసైకిలు నడుపుట వైద్యుని అనుమతి లేక కూడదు. అత్యవసరమున బ్రేకును బలముగా త్రొక్కగలిగినపుడే వాహనము పట్టవలెను.

సాయంకాలమునకు పాదము వాచుట కొన్ని నెలలుండును. పూర్తిగా తగ్గుటకు ఏడాది పట్టవచ్చును. దీనికి దిగులుపడనక్కరలేదు. కొందరికి వ్రేలు కొంత బిగుసుకొనుట, గాయము దరి మొద్దుబారుట, కొన్నేండ్లకు వంపు తిరిగి వచ్చుట కూడ కలదు. ఈ సంగతులను ముందుగా తెలిసికొని అంగీకరించినవారికి తరువాత నిరాశ యుండదు.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన లక్షణములు

జ్వరము వచ్చుట, నొప్పి దినదినము హెచ్చుట, కట్టునుండి చీము లేక దుర్వాసన వచ్చుట, వ్రేళ్ళు నల్లబడుట లేక నీలివర్ణమై చల్లబడుట కనబడినచో ఆ దినముననే వైద్యునకు చూపవలెను. పిక్క వాచి నొప్పిపెట్టినచో రక్తము గడ్డకట్టినదేమోయని శంకింపవలెను. ఛాతీనొప్పి, ఆయాసము కలిగినచో క్షణము ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను. తెల్లవారిన పిదప చూతమనుట తగదు.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగు విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో పంచాయతీ ప్రతినిధులకు స్థానము కలదు. కావున ఒకరి కాలినొప్పి ఆ యింటి సంగతియేయని ఊరకుండరాదు. పెద్ద వ్యయము లేకుండగనే పంచాయతీ చేయగల పనులు ఇవి.

మొదటిది: నడుమ రంధ్రము గల కుర్చీ, నాలుగు కాళ్ళ ఊత, ఒక జత చేతికఱ్ఱలు గ్రామమునకు ఉమ్మడిగా సమకూర్చుట. ఇవి బుడిపె రోగికేగాక, కాలు విరిగినవారికిని, వృద్ధులకును ఉపయోగించును. ఒకరి అవసరము తీరగానే శుభ్రపరచి మరియొకరికి ఈయవచ్చును.

రెండవది: తేదీ నిశ్చయించుకొనుటకు ముందే, ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఈ చికిత్సకు సహాయము లభించునో లేదో ఆసుపత్రిలోని పథకపు సహాయకేంద్రమున విచారించి చెప్పుట. చికిత్స ముగిసిన పిదప అడిగి ప్రయోజనము లేదు. అప్పుచేసి చికిత్స పొందిన కుటుంబము, విశ్రాంతికి తాళలేక రోగిని తొందరగా పనికి పంపును.

మూడవది: ఆశా కార్యకర్తయు, వార్డు సభ్యుడును రెండవ వారమునను, ఆరవ వారమునను రోగిని చూచి, కుట్లకును ఎక్స్‌రేకును పోయినదీ లేనిదీ విచారించుట.

నాలుగవది: ఇంటివారికి నచ్చజెప్పుట. ఇది కఠినమైనది. గృహిణి మంచముపై కాలు చాపుకొని పడుకొన్నచో సోమరితనమని ఎంచు కుటుంబములు ఇంకను కలవు. ఆ విశ్రాంతియే చికిత్సలో సగభాగమని అత్తమామలకు, భర్తకు తెలియజెప్పవలెను. పెద్దమనుష్యుల మాటకు గ్రామమున విలువ కలదు. ఆ మాటను ఇట్టి సందర్భమున వినియోగించుట సభ్యులకు గౌరవప్రదము.

శస్త్రవైద్యుడు ఎముకను వరుసలో పెట్టగలడు. ఆ వరుసను ఆరు వారములు నిలుపవలసినది ఇల్లును, ఇరుగుపొరుగును. మీ వార్డులో ఈ బాధతో కుంటుచు పనిచేయువారు ఎవరైన ఉన్నారేమో ఈ వారముననే విచారింపుడు. ముందు వైద్యునకు చూపింపుడు. శస్త్రచికిత్స అవసరమని తేలినచో పంటల లెక్క చూచి తేదీని, ఇంటి పనికి మనిషిని, మరుగుదొడ్డికి కుర్చీని ముందుగా కుదిర్చి పంపుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.